కోట బ్యాండు నుండి పాఠశాల బ్యాండు వరకు

ఉన్నత పాఠశాలల బ్యాండు మేళమనగానే మనలో పెక్కుమందికి స్ఫురించునది కవాతు. ఆగస్టు 15వ తేదీని, జనవరి 26వ తేదీని జెండా వందనమునకు ముందు తెల్లని దుస్తులు ధరించిన బాలబాలికలు డ్రమ్ములు మ్రోగించుచు, బూరలూదుచు మైదానమున నడచిపోవుట ధర్మపురిలోను, కృష్ణగిరి హోసూరులలోను మనము చూచుచున్నదే. ఆ నడక ముగియగానే వాద్యములు బీరువాలోనికి పోవును. మరల క్రీడోత్సవమునకు గాని వెలికి రావు. ఇట్టి మేళమును ఒకచోట కూర్చుండబెట్టి, ఎదుట శ్రోతలనుంచి, కవాతు కొరకు గాక కచేరీగా వినిపింపజేసి, దానిని పరీక్షకులచేత విలువ కట్టించుట వేరొక విద్య. ఆ విద్యకు చరిత్ర యున్నది. ఆ చరిత్రలో మన బారామహల్ సీమకును, మన తెలుగు లిపికిని చోటున్నది. ఈ కడపటి మాట కొందరికి వింతగా తోపవచ్చును గాన కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

తకడూరు అను పూర్వనామము గల ధర్మపురి సీమ విజయనగర ప్రభువుల కాలమున తెలుగు నాయకుల యేలుబడిలోనికి వచ్చినది. పెనుగొండ కోటను కాపాడిన జగదేవరాయనికి బారామహల్ లభించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. మన కుటుంబములలో ననేకము తమ వలసను ఆ కాలముతోనే ముడివేసి చెప్పుకొనును. పిదప ఈ నేల మైసూరు పాలనలోనికి పోయినది. 1790లో మొదలైన మూడవ మైసూరు యుద్ధములో కుంఫిణీ సేనలు ఈ కనుమల వెంట మీదికి వచ్చినవి. 1791లో పెన్నాగరము వారి వశమైనది గాని కృష్ణగిరి దుర్గము మాత్రము వారి ముట్టడికి లొంగలేదు. అయినను 1792 మార్చిలో శ్రీరంగపట్టణమున జరిగిన సంధిచేత బారామహల్ యావత్తును కుంఫిణీ వారి పాలైనది.

ఆనాటి యూరోపియను పద్ధతి సేనలు నిశ్శబ్దముగా నడచునవి కావు. డ్రమ్ములును, ఫైఫు అను చిన్న పిల్లనగ్రోవులును వాని అడుగుల లెక్కను నిర్ణయించుచుండెను. మేల్కొలుపునకు, భోజనమునకు, నడకకు, నిలుచుటకు వేర్వేరు వరుసలుండెను. యుద్ధభూమిలో ఆజ్ఞలను చేరవేయుటకు డ్రమ్మే నోరు. నేడు మన పిల్లలు వాయించు సైడు డ్రమ్ము దరువులలో కొన్ని ఆ సైనిక సంకేతముల సంతతి యని వారికి చెప్పు మాస్టర్లు అరుదు.

సంధి యైన పిమ్మట ఈ సీమ పాలనమునకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడును, అతనికి సహాయకుడుగా థామస్ మన్రోను నియమించిరి. మన్రో 1799 వరకు ఇక్కడనే, ముఖ్యముగా ధర్మపురిలోనే, కాపురముండెను. ఈ ఊరిలో తాను పెంచుకొన్న తోటను విడిచిపోవుట తనకెంత కష్టముగా నున్నదో ఆయన తన లేఖలలో వ్రాసికొనెను. రైతుతో నేరుగా పన్ను ఒప్పందము చేసికొను రైత్వారీ పద్ధతికి పాదులు వేయబడినది ఈ బారామహల్‌లోనే. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. మనకు ప్రస్తుతము కావలసినది ఆ తరువాతి ప్రయాణము. 1800లో మన్రో దత్తమండలములకు, అనగా కడప, అనంతపురము, బళ్లారి, కర్నూలు సీమలకు, కలెక్టరుగా వెళ్లెను. అక్కడి తెలుగు రైతులు ఆయనను మన్రోలప్పయని పిలిచికొని, పిల్లలకు ఆ పేరు పెట్టుకొనిరి. 1820లో ఆయన చెన్నపురి గవర్నరైనపుడు, దొరలకు దేశభాషలు రావలెనని కుంఫిణీ కాలేజీలో చేసిన ప్రసంగమును విన్న యువకులలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకడు. ఆ యేడే బ్రౌను కడపకు ఉద్యోగియై పోయెను. అటుపిమ్మట ఆయన తెలుగునకు చేసిన సేవ మన యిండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. తెలియనిది, ఆయన సేకరణలో బ్యాండు పాటలు కూడ నున్నవను సంగతి.

ఆ పాటల కథకు చెన్నపట్టణపు కోటలోనికి పోవలెను. రామస్వామి దీక్షితులు తెలుగున నూట యెనిమిది రాగతాళములతో మాలిక రచించిన మహావిద్వాంసుడు. ఆయనను మణలి జమీందారు ముద్దుకృష్ణ మొదలియారు ఆదరించి తమ ఊరికి రప్పించుకొనెను. మణలి చెన్నపురికి కూతవేటు దూరము. మొదలియారు కుమారుడు చిన్నయ్య మొదలియారు కోటలోని దొరలతో పరిచయము గలవాడై, దీక్షితుల కుమారులను అప్పుడప్పుడు కోటకు కొనిపోయి అక్కడి బ్యాండు సంగీతమును వినిపించుచుండెను. కడపటి కుమారుడు బాలుస్వామికి ఫిడేలు మీద మనసు పడినది. ఒక యూరోపియను వాద్యకారుని యొద్ద మూడేండ్లు నేర్చి, ఆ వాద్యమున కర్ణాటక సంగీతమును పలికించిన తొలివారిలో నొకడాయెను. నేడు ఏ కచేరీలోనైనను గాయకుని ప్రక్కన ఫిడేలు కనబడినచో దాని వెనుక ఆ కోట బ్యాండు నీడ కొంత యున్నదన్నమాట.

పెద్దవాడు ముత్తుస్వామి దీక్షితులు వాద్యమును గాక వరుసలను పట్టుకొనెను. సిపాయిల కవాతు వరుసలు, ఐర్లండు స్కాట్లండు దేశముల నాట్యపు వరుసలు, వాల్ట్జు అను జంట నృత్యపు వరుసలు ఆయన చెవిని పడినవి. వానికి సంస్కృతమున దేవతా స్తుతులు కూర్చెను. ఇంగ్లీషువారి రాజస్తుతి గీతపు వరుస ‘సంతతం పాహి మాం’ అని శ్యామలాదేవి స్తుతియైనది. నేటి శిశుపాఠశాలలలో నక్షత్రము మీద పాడు ఇంగ్లీషు పాట వరుస ‘శ్యామలే మీనాక్షి’ అయినది. ఇవియే నోటుస్వర సాహిత్యములు. నోటు అనగా ఇంగ్లీషు ‘నోట్’. దేశభక్తులగు కొందరు, పరరాజు స్తుతిని దీక్షితులంతటివాడు ఏల ముట్టవలెనని ముఖము చిట్లింతురు. నాకు అది వ్యతిరేకముగా తోచును. రాజును తొలగించి అమ్మవారిని కూర్చుండబెట్టుట లొంగుబాటు ఎట్లగును?

ఈ రచనలలో సుమారు ఇరువదింటిని 1832–33 ప్రాంతమున బ్రౌను కొరకు వ్రాసి యిచ్చిన వ్రాతప్రతి చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినది. దీక్షితులు పరమపదించినది 1835లో. కాబట్టి ఈ ప్రతి ఆయన జీవించియుండగనే పుట్టినది. మన సంగీత చరిత్రలో ఇట్టి సమకాలిక సాక్ష్యము ఎంత అపూర్వమో విజ్ఞులెరుగుదురు. త్యాగయ్యగారి కృతులకైనను, శ్యామశాస్త్రిగారి కృతులకైనను మనము శిష్యుల కంఠములనే నమ్ముకొనవలసి వచ్చినది. ఒక తెలుగు నిఘంటుకర్త కుతూహలము వలన ఈ చిన్నపాటి బ్యాండు పాటలకు ఆ భాగ్యము కలిగినది.

అచ్చునకు వచ్చుట మరి డెబ్బదేండ్లు పట్టినది. బాలుస్వామి దీక్షితులు ఎట్టయపురము ఆస్థానమును చేరెను. ఆయన మనుమడును దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని, 1905లో ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను ప్రకటించెను. రెండవ దానిలో ముప్పదిమూడు నోటుస్వరములు స్వరపరచబడి యున్నవి. ఈ రెండు గ్రంథములును అచ్చుపడినది తమిళదేశపు దక్షిణపు కొసన గల ఎట్టయపురమున, వ్రాయబడినది తెలుగులో. ఈ పనికి ఆయనను పురికొల్పినది చిన్నస్వామి మొదలియారు. ఆయన 1893 ప్రాంతమున మన కృతులను యూరోపియను గీతల లిపిలో అచ్చొత్తించిన తమిళ క్రైస్తవుడు. మాతృభాష తమిళమైన ఒక పెద్దమనిషి ప్రోద్బలమున, తమిళనాడున, జమీందారు ఆదరమున, తెలుగు అక్షరములలో మన సంగీతపు గొప్ప కోశము వెలువడినది. ఆ కాలమున సంగీతము నేర్వగోరు తమిళ బాలునకు తెలుగక్షరములు వచ్చుట సహజముగా నుండెను.

నేడు ధర్మపురి జిల్లాలో తెలుగు ఇంటి బాలునకు కూడ అవి రావు. ఈ సంగతి మనకు తెలియనిది కాదు గాని దాచుకొని ప్రయోజనము లేదు. 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము ననుసరించి ఒకటవ తరగతి నుండి యేడాదికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధమైనది. 2016లో అది పదవ తరగతి పరీక్షను చేరునప్పటికి, తెలుగు కన్నడ ఉర్దూ మలయాళ మాధ్యమముల పిల్లల కొరకు భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానములకు పలుమారులు పోవలసి వచ్చినది. తమిళము నేర్వవలదని మనలో నెవరును అనరు. మనము తరతరములుగా ఆ భాషలోనే బజారు చేసితిమి, స్నేహములు చేసితిమి. ఇంటిలో మాటాడు భాష కంటికి కనబడకుండ పోవుటయే బాధ. సంగీతము నేర్చు పిల్లలలో అనేకులు త్యాగయ్య కృతిని తమిళ లిపిలో వ్రాసికొని, క-గ-ల భేదమును, ప-బ-ల భేదమును అంకెలు వేసి గుర్తించుకొనుచు పాడుదురు. ఇట్టి స్థితిలో బ్యాండును గూర్చి వ్రాయుట యేలయని అడుగువారికి నా సమాధానము ముందు రానున్నది.

కోటలోని బ్యాండు కోటతోనే నిలిచిపోలేదు. తంజావూరున 1798 నుండి 1832 వరకు ఏలిన శరభోజి మహారాజు తన కొలువున పాశ్చాత్య బ్యాండును పోషించి, ఆ లిపిలో వ్రాయించిన సంగీతమును సరస్వతీ మహలులో భద్రపరచెను. ఆ కొలువున కవిత్వమునకును, నాట్యమునకును తెలుగు ప్రధానమగు భాషగా నుండెనను సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బ్యాండు నుండి క్లారినెట్టు పందొమ్మిదవ శతాబ్దిలో సదిరు మేళమునకు ముఖవీణ స్థానమున వచ్చి చేరినది. మనకు పడమటనున్న మైసూరున నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలమున ఒకే అరమనలో ఇంగ్లీషు బ్యాండు ఒకటియు, కర్ణాటక బ్యాండు ఒకటియు నుండెను. రెండవది బ్యాండు వాద్యములపై త్యాగయ్య కృతులను వాయించునది. ఆ సంప్రదాయము తరువాత పోలీసు శాఖలోనికి వచ్చి దసరా ఉత్సవములలో నేటికిని వినవచ్చుచున్నది. హోసూరు దాటి కొంతదూరము పోయిన వారికి ఇది పొరుగింటి ముచ్చట.

ఇక పోటీల సంగతి. బ్యాండులను పక్కపక్కన నిలిపి విలువ కట్టుట ఇంగ్లండులోని కార్మికులతో ప్రబలినది. 1853లో మాంచెస్టరు నగరపు బెల్ వ్యూ తోటలో ఎనిమిది ఇత్తడి బ్యాండులు పోటీపడగా వినుటకు పదునారువేల మందికి పైగా వచ్చిరి. గనులలోను, నూలు మిల్లులలోను పనిచేయువారు సాయంకాలము చేతులు కడుగుకొని బాకాలు పట్టిన మేళములవి. అందరును ఒకే రచనను వాయింపవలెనను నిబంధన కొలదికాలమునకే వచ్చినది. ఎవరి పాట వారు వాయించిన యెడల పోల్చుట ఎట్లు?

పాఠశాలల బ్యాండునకు జాతీయ పోటీ యనునది అమెరికాలో 1923 జూన్‌లో చికాగో నగరమున జరిగినది. దానిని నడిపినవారు వాద్యముల వర్తకులు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి సైనిక బ్యాండులకు గిరాకి తగ్గగా, పాఠశాలలు వారికి కొత్త అంగడులుగా కనబడినవి. వర్తకుని లాభచింత నుండి కూడ విద్యకు మేలు కలుగవచ్చునని ఇది తెలుపును. ఒహాయో రాష్ట్రమునందలి ఫోస్టోరియా అను చిన్న పట్టణపు పాఠశాలకు ప్రథమ బహుమానము వచ్చినది. పదేండ్లు గడచునప్పటికి గెలుపు ఓటముల వైరము హెచ్చి, ఒకటవ స్థానము రెండవ స్థానమను వరుసలకు బదులు ఏ మేళమున కా మేళమునకు శ్రేణి నిర్ణయించు పద్ధతిని చాలచోట్ల అవలంబించిరి. ఒక నియత స్థాయి నందుకొన్న మేళములన్నిటికిని ఉత్తమ శ్రేణియే. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు వసంతకాలమున ఇట్టి పరీక్షలకు సిద్ధమగుచుందురని మనము ఫోనులో వినుచునే యుందుము. వారికి సిద్ధపరచిన రచనలతో పాటు, అంతవరకు చూడని కాగితమును ఇచ్చి కొలది నిమిషములు మాత్రము పరిశీలింపనిచ్చి వాయింపుమను పరీక్ష కూడ నుండును. మన అవధానమును తలపించు ఘట్టమది.

మన దేశమున ఇటీవల గణతంత్ర దినోత్సవ సందర్భమున విద్యా, రక్షణ మంత్రిత్వ శాఖలు కలిసి పాఠశాలల బ్యాండు పోటీని నడుపుచున్నవి. రాష్ట్ర స్థాయిలో నెగ్గినవారు మండల స్థాయికి, అక్కడ నెగ్గినవారు ఢిల్లీకి పోవుదురు. 2024 జనవరిలో తుది పోటీ ఢిల్లీలో ధ్యాన్‌చంద్ క్రీడాప్రాంగణమున జరిగినది. ఇత్తడి బ్యాండు, పైపు బ్యాండు అని రెండు తెగలు. బాలురకు వేరు, బాలికలకు వేరు. పైపు అనగా స్కాట్లండు తిత్తి. మన వీధినాటకములలో శ్రుతికి పట్టు తిత్తి దీనికి దాయాదియే. మనది ఒకే స్వరము పలుకును, వారిది వరుస కూడ పలుకును.

ధర్మపురి వంటి చోట ఒక ఉన్నత పాఠశాల ఇట్టి పోటీకి సిద్ధపడవలెనన్న ఎదురగు మొదటి చిక్కు వాద్యములు. సాధారణముగా పాఠశాలలలో నుండునవి సైడు డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము, తాళములు, బూరలు. బూరకు మీటలు లేవు. పెదవుల బిగువును మార్చుటచేత దానిలో పలుకునవి షడ్జమము, పంచమము, పై షడ్జమము, గాంధారము, పై పంచమము మాత్రమే. ఋషభము లేని చోట, మధ్యమము లేని చోట పాట ఎక్కడిది? కనుక మూడు మీటల ట్రంపెట్టులు, క్లారినెట్టులు, ఫ్లూట్లు కొన్నియైనను కావలెను. వాని వెల పాఠశాల కంటె తల్లిదండ్రులకే బరువు. అయినను బూరలను పారవేయ నక్కరలేదు. బి ఫ్లాట్ బూరలు రెండు షడ్జమ పంచమములను అవసరమైన తావుల నిలిపి పట్టినచో మేళమునకు తంబూరా దొరికినట్లే.

రెండవ చిక్కు శ్రుతి. మన సంగీతమున ఒక్కరి శ్రుతిని ఒక్కరు నిర్ణయించుకొందురు. బ్యాండులో ముప్పదిమంది ఒక్క శ్రుతికి రావలెను. పైగా గాలి వాద్యము ఊదినకొలది వేడెక్కి, వేడెక్కినకొలది శ్రుతి హెచ్చును. చైత్ర వైశాఖముల ఎండలో మన ఊరి మైదానమున మధ్యాహ్నము మూడు గంటలకు శ్రుతి చేసిన ట్రంపెట్టు, సాయంకాలము పంకాల క్రింది వేదికపై అదే శ్రుతిలో నుండదు. అందుచేత అనుభవము గల బ్యాండు మాస్టర్లు ముందుగా పది పదునైదు నిమిషములు దీర్ఘస్వరములను ఊదించి, వాద్యములు కాగిన పిమ్మట గాని శ్రుతి చూడరు. చల్లని వాద్యమునకు శ్రుతి చేయుట మేకు దిగని గోడకు పటము తగిలించుట వంటిది.

మూడవది శబ్దముల పాలు. కవాతునకు అలవడిన డ్రమ్ము వేదికపై సర్వమును మ్రింగివేయును. పోటీలకు తీర్చునపుడు మంద్ర స్వరముల వాద్యములకు బలమిచ్చి, పై వాద్యములను వాని మీద తేలియాడనిచ్చి, డ్రమ్మును అన్నిటికంటె అణచి వాయింపజేయుదురు. దీనికి పిల్లలను గుంపులుగా విడదీసి, క్లారినెట్టులు ఒక గదిలో, ట్రంపెట్టులు ఒక గదిలో, కలిసి వాయించుటకు ముందు చాలదినములు సాధన చేయింపవలెను. పెండ్లి ఊరేగింపులలో సినిమా పాటలు వాయించు బ్యాండువారి యొద్ద నేర్చిన పిల్లలు ఉత్సాహమున ఎవరికిని తీసిపోరు. తగ్గించి వాయించుట మాత్రము వారికి శిక్షవలె నుండును. పరీక్షకులు మార్కులు తీయునది అక్కడనే.

నాలుగవది ముఖ్యమైనది: ఏమి వాయింపవలెను? సైన్యమే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. ఏటేట జనవరి 29న ఢిల్లీలో జరుగు బీటింగ్ రిట్రీట్‌లో బహుకాలముగా వాయించుచుండిన ఇంగ్లీషు ప్రార్థనా గీతమును 2022లో తొలగించిరి. 2023లో భారతీయ వరుసలను మాత్రమే వినిపించిరి. దీనిని కొందరు మెచ్చిరి, కొందరు నొచ్చుకొనిరి. పాఠశాలలలో ఆ వివాదము రానక్కరలేదు. అక్కడి సమస్య మరింత సామాన్యమైనది. గమకములు నిండిన తోడిని గాని, భైరవిని గాని మీటల ట్రంపెట్టుపై ముప్పదిమంది పిల్లలు ఒక్కసారిగా పలికింపబూనిన యెడల వినువారి పుణ్యము. చలనచిత్ర గీతమైనచో పల్లవి వరకు బాగుండును, చరణమున అందరును ఎవరి దారిన వారు పోవుదురు. ఇంగ్లీషు మార్చులు పుస్తకములలో సిద్ధముగా నున్నవి గాని వానిని ప్రతి పాఠశాలయు వాయించును.

ఇక్కడనే నోటుస్వరములు పనికివచ్చును. అవి పుట్టినదే బ్యాండు నుండి. రాగము శంకరాభరణము, అనగా యూరోపియనుల మేజరు స్కేలు. గమకములు లేవు. కొన్ని చతురశ్రమున నడుచును, కొన్ని జిగ్గు అను నాట్యపు తిశ్రమున గెంతును, కొన్ని వాల్ట్జు తూగుతో మూడేసి అక్షరములుగా ఊగును. మూడు నాలుగింటిని గుచ్చి ఒక మాలిక చేసినచో, నెమ్మదిది ఒకటి, వడిగలది ఒకటి చొప్పున, పోటీకి కావలసిన వైవిధ్యము దానియంతటదే సమకూరును. పెద్ద తరగతుల పిల్లలు గట్టివారైనచో పట్నము సుబ్రహ్మణ్యయ్యరుగారి ‘రఘువంశ సుధా’ను కడపట చేర్చవచ్చును. కథనకుతూహలమున నున్న ఆ సంస్కృత కృతి వంకరలు తిరుగు స్వరములతో బ్యాండు వేళ్లకు మంచి కసరత్తు. నాగస్వర విద్వాంసులు ఊరేగింపు చివర వాయించు ఇంగ్లీషు నోటు కూడ ఈ కుదురునకే చెందినది.

ఇంకొక సౌలభ్యము కలదు. దీనిని నేనెచ్చటను చదువలేదు గాని లెక్క వేసి చూచిన ఎవరికైనను తెలియును. బ్యాండు వాద్యములు ఒక్కొక్కటి ఒక్కొక్క ఆధార స్వరముతో చేయబడినవి. బి ఫ్లాట్ క్లారినెట్టు వాడు తన కాగితమున ‘సి’ని చూచి ఊదినచో చెవికి వినబడునది బి ఫ్లాట్. ఈ ఫ్లాట్ శాక్సఫోను వాడు అదే ‘సి’ని ఊదినచో వినబడునది ఈ ఫ్లాట్. ఫ్లూటు వానికి మాత్రము వ్రాసినదే వినబడును. అందుచేత గీతల లిపిలో ప్రతి వాద్యమునకును వేరు ప్రతి వ్రాయవలెను. అది తెలిసిన మాస్టరు చిన్న ఊళ్లలో దొరకుట కష్టము. మన సరిగమలకు ఈ బాధ లేదు. మన ‘స’ కదలునది. ఆరున్నర కట్టెను, అనగా బి ఫ్లాట్‌ను, ఆధార శ్రుతిగా పెట్టుకొని, క్లారినెట్టు ట్రంపెట్టుల వారికి ‘సి’ మీ స అనియు, ఈ ఫ్లాట్ వాద్యముల వారికి ‘జి’ మీ స అనియు, ఫ్లూటు వారికి బి ఫ్లాటే మీ స అనియు ఒక్కమాట చెప్పినచో, అందరును ఒకే కాగితమును చూచి వాయింపవచ్చును. సుబ్బరామ దీక్షితులు 1905లో అచ్చు వేయించిన పుట, వ్రాసినది వ్రాసినట్లు, నేటి పాఠశాల బ్యాండునకు సరిపోవును. మంద్ర వాద్యముల భాగమును మాత్రము కొత్తగా కూర్చవలెను. దానికి షడ్జమ, మధ్యమ, పంచమములను ఆధారము చేసికొని నడిపినచో ఆరంభమునకు చాలును.

ఆ పుటను చదువుటకు ఎన్ని అక్షరములు కావలెను? స, రి, గ, మ, ప, ద, ని, వాని దీర్ఘములు, పైన క్రింద చుక్కలు. ఏడక్షరములు. ఇదివరకు వాయిదా వేసిన ప్రశ్నకు నా సమాధానమిదే. తెలుగు బడి లేని ఊళ్లో, తెలుగు పాఠము లేని తరగతిలో, బ్యాండు గదిలో ఏడు తెలుగక్షరములు ప్రవేశింపగలవు. తమిళ ఇంటి బిడ్డకును, ఉర్దూ ఇంటి బిడ్డకును, మన బిడ్డకును అవి సమానముగా కొత్తవి. ఎవరికిని నిర్బంధము గావు. ఏడక్షరములు వచ్చిన పిల్లవాడు తన తాతగారి ట్రంకు పెట్టెలోని భాగవతమును చదువగలడని నేననుట లేదు. అట్టి భ్రమలు మన సభలలో ఇదివరకే చాలినన్ని వినబడినవి. కాని గ అను అక్షరము గ యనియే వ్రాయబడుటను, దాని ప్రక్కన క వేరుగ నుండుటను అతడు ఒకసారి చూచును.

ఈ పనికి కావలసిన వ్యయము కొంచెమే. ప్రథమాభ్యాస పుస్తకమునందలి ముప్పదిమూడింటిలో తేలికైన పండ్రెండింటిని ఏరి, పెద్ద అక్షరములతో తెలుగు స్వరములను, క్రింద తమిళ స్వరములను, ఎదుటి పుటలో గీతల లిపిని వ్రాయించి, ఒక పలుచని పుస్తకముగా కుట్టించి జిల్లాలోని బ్యాండు గల ఉన్నత పాఠశాలలకు పంపవలెను. సాహిత్యము సంస్కృతము గనుక ఏ భాషవారికిని అడ్డు లేదు. బ్యాండునకు సాహిత్యమే అక్కరలేదు గనుక మతమును గూర్చిన సంకోచము గలవారు స్వరములను మాత్రమే గ్రహింపవచ్చును. మన సంఘమున ఫిడేలు తెలిసినవారున్నారు, క్లారినెట్టు తెలిసినవారున్నారు, అచ్చుకూటము నడిపినవారున్నారు. రాష్ట్ర స్థాయి పోటీలు సాధారణముగా విద్యా సంవత్సరపు నడిమి నెలలలో వచ్చును గాన, పుస్తకము వేసవి సెలవులకు ముందే పాఠశాలలకు చేరినచో పిల్లలకు జూన్ నుండి సాధనకు వీలుండును. స్వరములను సరిచూచుటకు ముందుకు వచ్చువారు తమ పేరును కార్యదర్శిగారికి తెలుపవచ్చును.